అంతస్స్రావ వ్యాధులకు మూలకణ చికిత్స

అంతస్స్రావ వ్యాధులకు మూలకణ చికిత్స అనగా శరీరంలో హార్మోనులను తయారుచేసే కణాలు నశించినపుడు, వాటి స్థానంలో మూలకణాల నుండి పెంచిన కొత్త కణాలను ప్రవేశపెట్టే వైద్య విధానం. మూలకణం ఇంకా ఏ ఒక్క పనికీ కుదురుకోని కణం. అది విభజన చెందుతూ తనవంటి కణాలను పుట్టించగలదు. తగిన సంకేతాలు అందితే నాడీకణంగానో, కండర కణంగానో, ఇన్సులిన్‌ను స్రవించే కణంగానో మారగలదు. హార్మోనుల లోపం వలన కలిగే వ్యాధులు చాలా ఉన్నప్పటికీ, మనుషులపై పరీక్షల దాకా వచ్చి చెప్పుకోదగిన ఫలితాలు చూపినది మధుమేహం ఒక్కటే, అందులోనూ ముఖ్యంగా మొదటి రకపు మధుమేహం. అందువలన ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

ఇది ఇంకా పరీక్షల దశలో ఉన్న చికిత్స. "మూలకణ చికిత్స" అనే పేరుతో వాణిజ్య ప్రకటనలలో కనిపించే దానికీ, ఇక్కడ వివరించే దానికీ చాలా సందర్భాలలో పేరులో తప్ప పోలిక లేదు.

నేపథ్యం

లాలాజలం నోటిలోకి చేరాలంటే నాళం కావాలి. పిత్తరసం ప్రేగులోకి చేరాలన్నా నాళం కావాలి. వినాళ గ్రంథులకు ఆ అవసరం లేదని వాటి పేరే చెబుతున్నది. అవి తయారుచేసే హార్మోను నేరుగా రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతుంది. కనుక అటువంటి గ్రంథి శరీరంలో ఏ చోట ఉన్నదనేది అంత ముఖ్యం కాదు. దానికి రక్తం అందితే చాలును. గుండెనో, మెదడునో కణాలతో బాగు చేయడం కంటే గ్రంథుల లోపాన్ని కణాలతో పూరించడం తేలిక కావచ్చుననే ఆశకు మూలం ఇదే.

ఈ సంగతి మొదట కోడిపుంజుల వలన తెలిసింది. 1849లో జర్మనీలోని గోట్టింగెన్ నగరంలో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు పుంజులపై ప్రయోగం చేశాడు. వృషణాలను తొలగించిన పుంజులకు తలమీది ఎర్రని జుట్టు పెరగలేదు, అవి కూయలేదు, పోట్లాటకూ పోలేదు. కొన్నింటిలో మాత్రం తొలగించిన వృషణాన్ని పొట్టలో ప్రేగుల నడుమ పెట్టగా, అవి మామూలు పుంజులవలె పెరిగి కూశాయి. నరాల సంబంధం తెగిపోయినా గ్రంథి పనిచేసిందంటే దాని ప్రభావం రక్తం ద్వారానే జరుగుతున్నదని బెర్తోల్డ్ నిర్ణయించాడు. "హార్మోను" అనే మాట పుట్టడానికి ఇంకా అర్ధశతాబ్దానికి పైగా సమయం ఉన్నది; ఆ మాటను 1905లో ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. నేడు శస్త్రవైద్యులు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథిని తీయవలసి వచ్చినపుడు దానిని చిన్న ముక్కలుగా చేసి ముంజేతి కండరంలో అమర్చడం కద్దు. అది అక్కడ కూడా రక్తంలోని కాల్షియంను గమనిస్తూ తన పని తాను చేసుకుపోతుంది.

ఈ పద్ధతి అన్ని హార్మోను వ్యాధులకూ ఒకే విధంగా అవసరం కాదు. అవటు గ్రంథి పనిచేయని వారికి రోజుకు ఒక మాత్ర చాలును. థైరాక్సిన్ రక్తంలో రోజుల తరబడి నిలుస్తుంది కనుక మోతాదులో కొద్ది తేడా వచ్చినా ప్రమాదం లేదు. ఇన్సులిన్ సంగతి అలా కాదు. రక్తంలోకి వచ్చిన ఇన్సులిన్‌లో సగం కొద్ది నిముషాలలోనే కరిగిపోతుంది. తిన్న ప్రతి ముద్దకూ, నడిచిన ప్రతి మైలుకూ దాని అవసరం మారుతూ ఉంటుంది.

మొదటి రకపు మధుమేహం

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి క్లోమాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించి, జీర్ణరసాన్ని తయారుచేసే కణాల నడుమ చిన్న చిన్న దీవుల వంటి కణసమూహాలు ఉన్నాయని తన సిద్ధాంతవ్యాసంలో వ్రాశాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. అవి ఏమి చేస్తాయో అతనికి తెలియలేదు. తరువాత వాటికి అతని పేరే పెట్టారు. ఈ లాంగర్‌హాన్స్ పుటికలు మనిషి క్లోమంలో సుమారు పది లక్షలు ఉంటాయి. అన్నీ కలిపి తూచినా క్లోమం బరువులో ఒకటి రెండు శాతానికి మించవు. వీటిలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు దానికి వ్యతిరేకంగా పనిచేసే గ్లూకగాన్‌ను స్రవిస్తాయి.

మొదటి రకపు మధుమేహంలో శరీరపు రక్షణ వ్యవస్థ తన బీటా కణాలనే శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. ఇది ఎక్కువగా పిల్లలలోను, యువకులలోను మొదలవుతుంది. రెండవ రకపు మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా దానికి శరీరం సరిగా స్పందించదు. బీటా కణాలు క్రమంగా అలసిపోతాయి. మొదటి రకంలో కొరత నిజమైన కొరత. 1921కి పూర్వం ఈ వ్యాధి సోకిన పిల్లవాడు నెలలలోనో, ఒకటి రెండు సంవత్సరాలలోనో మరణించేవాడు. ఆ సంవత్సరం కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, ఛార్లెస్ బెస్ట్ కుక్కల క్లోమం నుండి ఇన్సులిన్ గల ద్రవాన్ని తీశారు. జేమ్స్ కోలిప్ శుద్ధి చేసిన ద్రవంతో 1922 జనవరిలో 14 సంవత్సరాల బాలుడు ప్రాణాపాయం నుండి బయటపడ్డాడు. 1923లో బాంటింగ్‌కు, ప్రయోగశాల అధిపతి జాన్ మెక్లియోడ్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఇన్సులిన్ ప్రాణం నిలుపుతుంది గాని వ్యాధిని నయం చేయదు. బీటా కణం చక్కెరను తూచే తక్కెడ, ఇన్సులిన్‌ను పంచే చేయి, రెండూ తానే. సూదిమందుకు తూకం తెలియదు. ఎంత తినబోతున్నాడో, ఎంత శ్రమ చేయబోతున్నాడో రోగి ముందుగానే ఊహించి మోతాదు నిర్ణయించుకోవాలి. ఎక్కువైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, మతి తప్పడం, స్పృహ కోల్పోవడం వరుసగా జరుగుతాయి. చాలా సంవత్సరాలుగా వ్యాధి ఉన్న కొందరిలో ఈ ముందస్తు హెచ్చరికలు కూడా మాయమవుతాయి. చెమట పట్టదు, వణుకు రాదు; నేరుగా స్పృహ తప్పుతుంది. అటువంటి వారికి రాత్రి నిద్రే ఒక భయం, ఇంట్లో వారికి మరీ భయం. క్రింద వివరించే పరీక్షలలో చాలా వరకు వీరి కోసమే జరిగాయి.

పుటికల మార్పిడి

మూలకణాల సంగతికి ముందు, మరణించిన దాతల నుండి తీసిన పుటికల మార్పిడి గురించి తెలుసుకోవడం అవసరం. మూలకణ చికిత్స దాని భుజాల మీదనే నిలబడింది.

పూర్తి క్లోమం మార్పిడి 1966లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదటిసారి జరిగింది. అది పెద్ద శస్త్రచికిత్స. కావలసినది ఒకటి రెండు శాతం పుటికలే అయినపుడు మిగిలిన 98 శాతం క్లోమాన్ని ఎందుకు అమర్చాలనే ప్రశ్న సహజంగానే తలెత్తింది. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాల్ లేసీ బృందం 1967లో కొల్లాజినేజ్ అనే ఎంజైముతో ఎలుక క్లోమాన్ని కరిగించి పుటికలను విడదీసింది. 1972లో అక్కడే ఆ పుటికలతో ఎలుకలలో మధుమేహాన్ని అదుపు చేయగలిగారు. మనిషి క్లోమం ఎలుక క్లోమం వలె మెత్తనిది కాదు, అంత సులభంగా లొంగలేదు. 1988లో కమిల్లో రికార్డి రూపొందించిన యంత్రపాత్ర వచ్చిన తరువాతనే మనిషి పుటికలను తగినన్ని, చెడకుండా వేరుచేయడం సాధ్యపడింది.

అయినా 1990వ దశకంలో ఈ మార్పిడి చేయించుకున్న వారిలో పది శాతం మందికి కూడా ఇన్సులిన్ అవసరం తప్పలేదు. 2000 సంవత్సరంలో కెనడాలోని ఎడ్మంటన్ నగరం నుండి వచ్చిన వార్త ఈ పరిస్థితిని మార్చింది. ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో జేమ్స్ షాపిరో బృందం ఏడుగురు రోగులకు పుటికలను ఎక్కించగా ఏడుగురూ ఇన్సులిన్ లేకుండా ఉండగలిగారు. వీరు చేసిన మార్పులు రెండు. ఒకటి, బీటా కణాలకు హాని చేసే స్టెరాయిడ్లను మానివేసి వేరే మందులతో రక్షణ వ్యవస్థను అణచడం. రెండవది, ఒక్కొక్క రోగికి ఇద్దరు లేదా ముగ్గురు దాతల పుటికలను వాడడం. పుటికలను క్లోమంలో పెట్టరు. పొట్ట మీద చర్మం గుండా సన్నని గొట్టాన్ని కాలేయంలోని పోర్టల్ సిరలోకి పంపి, రక్తం ఎక్కించినట్లుగా వదులుతారు. అవి కాలేయపు చిన్న రక్తనాళాలలో చిక్కుకొని అక్కడే స్థిరపడతాయి. బెర్తోల్డ్ పుంజుల పాఠం ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆ ఉత్సాహం కొంత చల్లారింది కూడా. 2005లో అదే బృందం ప్రకటించిన లెక్కల ప్రకారం ఐదు సంవత్సరాల తరువాత ఇన్సులిన్ లేకుండా ఉన్నవారు సుమారు 10 శాతమే. అయితే దాదాపు 80 శాతం మందిలో పుటికలు కొంతవరకు పనిచేస్తూనే ఉన్నాయి, చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం తగ్గింది. చక్కెర పడిపోతుందనే భయంతో బ్రతికేవారికి అది చిన్న లాభం కాదు. 2023 జూన్‌లో అమెరికా ఆహార ఔషధ సంస్థ దాతల పుటికలతో చేసే "లాంటిడ్రా" అనే చికిత్సకు అనుమతినిచ్చింది. ముప్ఫై మందిపై జరిగిన పరీక్షలలో 21 మంది ఒక సంవత్సరం లేదా అంతకు పైగా ఇన్సులిన్ లేకుండా ఉన్నారు.

ఈ పద్ధతి ఎంత మెరుగుపడినా దాతల కొరత దాటలేనిది. లక్షల మంది రోగులు ఉన్న వ్యాధికి, మనిషికి ఇద్దరు దాతల చొప్పున ఎక్కడ దొరుకుతారు? మూలకణాల అవసరం ఇక్కడే వచ్చింది.

మూలకణాల నుండి బీటా కణాలు

1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలను మొదటిసారి ప్రయోగశాలలో పెంచాడు. ఇవి ఎంతకాలమైనా విభజన చెందుతూ ఉండగలవు, శరీరంలోని ఏ కణంగానైనా మారగలవు. ఏ కణంగానైనా మారగలదన్న గుణమే వీటితో వచ్చిన చిక్కు. వాటిని వాటి మానాన వదిలేస్తే పళ్ళు, వెంట్రుకలు, ఎముక ముక్కలు కలగలిసిన టెరటోమా అనే కణితి అవుతాయి. వాటిని బీటా కణంగా మాత్రమే మార్చాలంటే గర్భంలో పిండానికి క్లోమం ఏర్పడే దారిలోనే ఒక్కొక్క మలుపు త్రిప్పుకుంటూ తీసుకుపోవాలి. మొదట అంతస్త్వచం, తరువాత ఆదిమ ఆహారనాళం, ఆపైన క్లోమపు మొగ్గ, అందులో హార్మోను కణాల పూర్వ కణాలు, చివరకు బీటా కణాలు. ప్రతి మలుపు వద్దా ఏ ప్రోటీనును ఎంత, ఎన్ని రోజులు ఇవ్వాలో కనిపెట్టవలసి వచ్చింది.

ఈ దారిలో మొదటి మలుపులను శాన్ డియేగోలోని నోవోసెల్ సంస్థ దాటింది. ఈ సంస్థ తరువాత వయాసైట్ అని పేరు మార్చుకున్నది. 2005లో వీరు పిండ మూలకణాలను అంతస్త్వచంగా, 2006లో ఇన్సులిన్ గల కణాలుగా మార్చారు. కాని ఆ కణాలు చక్కెరను గుర్తించలేకపోయాయి. తూకం తెలియని ఇన్సులిన్ సూదిమందు ద్వారా ఎటూ లభిస్తూనే ఉన్నది. 2008లో వారే దారి మధ్యలో ఉన్న క్లోమ పూర్వకణాలను ఎలుకలలో అమర్చగా, అవి కొన్ని నెలలలో అక్కడే పరిపక్వమై చక్కెరకు స్పందించాయి.

దారి చివరికంటా చేరిన వారిలో ముఖ్యుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ మెల్టన్. కప్ప పిండాల అభివృద్ధిపై పరిశోధన చేస్తున్న ఇతని కుమారుడికి 1991లో, ఆరు నెలల వయస్సులో, మొదటి రకపు మధుమేహం బయటపడింది. మెల్టన్ కప్పలను వదలి క్లోమం వైపు మళ్ళాడు. పది సంవత్సరాల తరువాత కుమార్తెకూ అదే వ్యాధి వచ్చింది. 2001 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ కొత్త పిండ మూలకణాలపై పరిశోధనకు ప్రభుత్వ ధనసహాయాన్ని నిషేధించాడు. మెల్టన్ ప్రైవేటు విరాళాలతో 17 కొత్త మూలకణ వంశాలను తయారుచేసి 2004లో ఇతర శాస్త్రవేత్తలకు అందుబాటులో ఉంచాడు. ఆ నిషేధం 2009లో తొలగిపోయింది. 2014లో మెల్టన్ బృందం చక్కెరకు స్పందించే బీటా కణాలను పెద్ద మొత్తంలో, అనగా ఒక రోగికి సరిపడా కోట్ల సంఖ్యలో, పెంచే పద్ధతిని ప్రకటించింది. అదే సంవత్సరం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ కీఫర్ తదితరులు కూడా అటువంటి పద్ధతినే ప్రకటించారు. మెల్టన్ తన పిల్లలిద్దరి పేర్లు కలిపి "సెమ్మా" అనే సంస్థను స్థాపించాడు. దానిని 2019లో వెర్టెక్స్ ఔషధ సంస్థ 95 కోట్ల డాలర్లకు కొన్నది.

పిండాలను వాడడంపై గల నైతిక అభ్యంతరాలకు జపానులోని క్యోటో నుండి ఒక సమాధానం వచ్చింది. షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి చర్మకణాలను నాలుగు జన్యువుల సహాయంతో తిరిగి మూలకణ స్థితికి తేగలిగాడు. వీటిని ప్రేరిత మూలకణాలు అనవచ్చు. రోగి శరీరం నుండే మొదలుపెట్టి బీటా కణాలను తయారుచేయడం దీనితో ఊహకు అందింది. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి యమనాకా నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మనుషులపై పరీక్షలు

వయాసైట్ సంస్థ 2014లో మొదటి పరీక్ష ప్రారంభించింది. క్లోమ పూర్వకణాలను టీ పొడి సంచి వంటి పలుచని పొరల సంచిలో ఉంచి చర్మం క్రింద అమర్చారు. చక్కెర, ప్రాణవాయువు, ఇన్సులిన్ పొరను దాటగలవు, రక్షణ కణాలు దాటలేవు. కనుక రక్షణ వ్యవస్థను అణచే మందులు అవసరం లేదన్నది ఆలోచన. ఆలోచన బాగున్నా శరీరం సంచిని పరాయి వస్తువుగా భావించి దాని చుట్టూ గట్టి నారపొరను అల్లింది. లోపలి కణాలు ప్రాణవాయువు అందక చనిపోయాయి. 2017లో సంచికి రంధ్రాలు చేసి రక్తనాళాలను లోపలికి రానిచ్చారు, అప్పుడు మందులు తప్పలేదు. కొందరిలో కణాలు బ్రతికి ఇన్సులిన్ ఇచ్చాయి గాని ఆ పరిమాణం చాలలేదు. ఈ సంస్థను కూడా 2022లో వెర్టెక్స్ కొనివేసింది.

వెర్టెక్స్ దారి వేరు. పిండ మూలకణాల నుండి పూర్తిగా తయారైన పుటికలనే ఎడ్మంటన్ పద్ధతిలో కాలేయపు సిరలోకి పంపుతారు. ఈ కణాల పేరు జిమిస్లెసెల్. పూర్తి మోతాదు 80 కోట్ల కణాలు. 2021లో మొదలైన పరీక్షలో తీసుకున్న వారందరికీ చక్కెర పడిపోతున్న సూచనలు తెలియవు. ముందు సంవత్సరంలో కనీసం రెండుసార్లు తీవ్రంగా పడిపోయింది. వీరి రక్తంలో సి-పెప్టైడ్ కూడా లేదు. బీటా కణం ఇన్సులిన్‌ను తయారుచేసేటపుడు తెగిపడే ముక్క సి-పెప్టైడ్. అది సూదిమందులో ఉండదు. కనుక ఒక మనిషి రక్తంలో అది కనిపించిందంటే ఆ ఇన్సులిన్ అతని శరీరంలో పుట్టినదేనని అర్థం.

2025 జూన్‌లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పూర్తి మోతాదు ఒకేసారి అందుకున్న 12 మందిలో సంవత్సరం తరువాత 10 మందికి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. పన్నెండుగురిలోనూ తీవ్రమైన చక్కెర పతనాలు ఆగిపోయాయి, హెచ్‌బిఎ1సి 7 శాతం లోపునకు వచ్చింది. దాత అనేవాడు లేకుండా పాత్రలో పెంచిన కణాలు ఎడ్మంటన్ తొలి ఫలితాలకు సమానమైన ఫలితాన్ని ఇవ్వడం ఈ రంగంలో ఒక మైలురాయి. అదే నివేదికలో రెండు మరణాలు కూడా ఉన్నాయి. ఒకరు క్రిప్టోకోకస్ అనే శిలీంధ్రం వలన కలిగిన మెదడు పొరల వాపుతోను, మరొకరు అంతకుముందే ఉన్న మతిమరుపు వ్యాధి ముదరడం వలనను మరణించారు. మొదటి మరణం వంటిది రక్షణ వ్యవస్థను అణచిన ఎవరికైనా పొంచి ఉన్న ప్రమాదమే. పత్రికలు మొదటి సంఖ్యను పెద్ద అక్షరాలలో వేసి రెండవదానిని విడిచిపెట్టడం సరి కాదు.

చైనాలో మరొక దారి తొక్కారు. తియాన్జిన్‌లో 2023 జూన్‌లో 25 సంవత్సరాల మహిళకు ఆమె కొవ్వు కణాల నుండే తయారైన పుటికలను అమర్చారు. పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెంగ్ హోంగ్‌క్వీ బృందం జన్యువులకు బదులు రసాయనాలతోనే ఆ కణాలను మూలకణ స్థితికి తెచ్చింది. పుటికలను కాలేయంలో కాక పొట్ట ముందరి కండరపు పొర క్రింద పెట్టారు. ఏదైనా తేడా వస్తే కనిపెట్టడానికి, తీసివేయడానికి వీలుగా ఉండడం ఈ చోటుకు గల లాభం. 75 రోజుల తరువాత ఆమెకు ఇన్సులిన్ అవసరం లేకపోయింది. 2024లో వివరాలు ప్రచురించేనాటికి ఆ స్థితి సంవత్సరం పాటు నిలిచింది. అయితే ఆమె అంతకుముందే కాలేయ మార్పిడి చేయించుకొని రక్షణ వ్యవస్థను అణచే మందులు వాడుతున్నది. తన కణాలే అయినందువలన మందులు అక్కరలేదా అనే అసలు ప్రశ్నకు ఈ ఉదంతం జవాబు చెప్పలేదు.

రక్షణ వ్యవస్థతో చిక్కు

ఆ ప్రశ్నకు ఒక పాత జవాబు మిన్నెసోటాలో ఉన్నది. 1980వ దశకంలో అక్కడ డేవిడ్ సదర్లాండ్ బృందం మధుమేహం ఉన్న కొందరికి, వ్యాధి లేని వారి సమరూప కవలల క్లోమంలో కొంత భాగాన్ని అమర్చింది. కవలల కణాలు ఒకే రకమైనవి కనుక శరీరం తిరస్కరించదని, మందులు అక్కరలేదని భావించారు. శరీరం క్లోమాన్ని తిరస్కరించలేదు, కాని మధుమేహం తిరిగి వచ్చింది. పరీక్షించి చూడగా క్లోమంలో మిగిలిన కణాలు క్షేమంగా ఉండి బీటా కణాలు మాత్రమే నాశనమైనాయి. పరాయి కణమనే కోపం వేరు, బీటా కణమనే కోపం వేరు. సొంత కణాలు మొదటిదానిని తప్పించగలవు గాని రెండవదానిని తప్పించలేవు. ఎన్నో సంవత్సరాల తరువాత కూడా రక్షణ వ్యవస్థ తన పాత పగను మరువలేదు.

కణాలను తయారుచేయడం ఒక విధంగా పరిష్కారమైన సమస్య. మిగిలినది వాటిని కాపాడడం. బ్రతికినంత కాలం వాడవలసిన మందుల వలన అంటువ్యాధులు, కొన్ని రకాల కేన్సరు, మూత్రపిండాలకు హాని కలిగే అవకాశం ఉన్నది. ఇన్సులిన్‌తో సజావుగా నడుస్తున్న పదేళ్ళ పిల్లవాడికి సూదులు తప్పించడం కోసం ఈ మందులు మొదలుపెట్టడం ఏ వైద్యుడూ సమర్థించని బేరం. అందుకే ఇప్పటి చికిత్స తీవ్రమైన ప్రమాదంలో ఉన్న పెద్దలకే పరిమితం.

కణాలను పొరలో చుట్టాలనే ఆలోచన 1980 నాటిది. ఆ సంవత్సరం లిమ్, సన్ అనే శాస్త్రవేత్తలు సముద్రపు నాచు నుండి తీసిన ఆల్జినేట్ గుళికలలో పుటికలను ఉంచి ఎలుకలకు ఇచ్చారు. అప్పటినుండి ఎన్నో రకాల సంచులు, గుళికలు వచ్చినా నారపొర సమస్య తీరలేదు. వెర్టెక్స్ సొంత సంచి పరీక్షను కూడా తగిన ఫలితం లేక 2025 మార్చిలో నిలిపివేశారు. కొత్త ఆశ జన్యుమార్పిడి వైపు ఉన్నది. 2024 డిసెంబరులో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒక రోగి ముంజేతి కండరంలో, రక్షణ కణాలకు గుర్తు దొరకకుండా జన్యువులను మార్చిన పుటిక కణాలను అమర్చారు. మందులేవీ ఇవ్వలేదు. పన్నెండు వారాల తరువాత కూడా ఆ కణాలు బ్రతికి ఉండి సి-పెప్టైడ్‌ను ఇస్తున్నాయి. మోతాదు కావాలనే చాలా తక్కువగా ఇచ్చినందున ఇన్సులిన్ మానలేదు. అవి దాత నుండి వచ్చిన కణాలు, మూలకణాల నుండి వచ్చినవి కావు; ఒక్క రోగి సంగతి కూడాను. అయినా ఇదే మార్పును మూలకణాలలో ముందుగా చేసి, వాటి నుండి పుటికలను పెంచడం ఇప్పుడు ప్రయత్నంలో ఉన్నది. ఇటువంటి కణాల వలన వేరొక భయం ఉన్నది: రక్షణ వ్యవస్థకు కనబడని కణం ఒకవేళ కణితిగా మారితే దానిని కూడా ఆ వ్యవస్థ పట్టుకోలేదు.

మూలుగ మార్పిడి

మూలకణాలతో చేసిన వేరొక ప్రయత్నాన్ని దీనితో కలపరాదు. బ్రెజిల్‌లోని రిబెయిరావ్ ప్రెతో నగరంలో జూలియో వోల్తారెల్లి, కొత్తగా వ్యాధి బయటపడిన 15 మందికి తీవ్రమైన మందులతో రక్షణ వ్యవస్థను దాదాపుగా తుడిచివేసి, ముందే తీసి ఉంచిన వారి సొంత రక్త మూలకణాలతో దానిని తిరిగి మొలకెత్తించాడు. ఇక్కడ మూలకణాలు బీటా కణాలుగా మారవు; మిగిలిన కొద్దిపాటి బీటా కణాలపై దాడి ఆగుతుందని ఆశ. 2007లో ప్రకటించిన ఫలితాలలో 14 మంది కొంతకాలం ఇన్సులిన్ మానగలిగారు. తరువాతి సంవత్సరాలలో చాలామంది తిరిగి ఇన్సులిన్‌కు రావలసి వచ్చింది. కొందరికి న్యుమోనియా, కొందరు పురుషులలో వీర్యకణాల తగ్గుదల కనిపించాయి. 2014లో వెలువడిన మరొక అధ్యయనంలో ఒక రోగి మరణించాడు. దీనిని సాధారణ చికిత్సగా ఎవరూ అంగీకరించలేదు.

ఇతర గ్రంథులు

జపానులోని కోబెలో హిదెతాకా సుగా, యోషికి ససాయి 2011లో ఎలుక పిండ మూలకణాల నుండి పీయూష గ్రంథి కణజాలాన్ని పెంచారు. పీయూష గ్రంథి తొలగించిన ఎలుకలలో దానిని అమర్చగా లోపించిన హార్మోను తిరిగి వచ్చింది. 2016లో మానవ మూలకణాలతో కూడా అది సాధ్యమైంది. బ్రస్సెల్స్‌లో సబీన్ కోస్టాగ్లియోలా బృందం 2012లో ఎలుక మూలకణాలతో అవటు గ్రంథి పుటికలను తయారుచేసి, ఆ గ్రంథి లేని ఎలుకలలో హార్మోనును పునరుద్ధరించింది. అధివృక్క గ్రంథి కణాలపై కూడా పని జరుగుతున్నది. వీటిలో ఏదీ వైద్యశాలలో దొరికే చికిత్స కాదు. అవటు గ్రంథి విషయంలో మాత్ర ఇంత చవకగా పనిచేస్తున్నపుడు తొందర కూడా లేదు. అధివృక్క గ్రంథి పనిచేయని వారి సంగతి వేరు. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా వారికి కార్టిసాల్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ సమయంలో మాత్ర మోతాదు పెంచడం మరచిపోతే ప్రాణాపాయం. గ్రహించి స్పందించే కణం అక్కడ నిజంగా ఉపయోగపడగలదు.

భారతదేశంలో పరిస్థితి

భారత వైద్య పరిశోధనా మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2007లో "మూలకణ పరిశోధన, చికిత్స" అనే పేరుతో మార్గదర్శకాలను వెలువరించాయి. 2013లో వాటిని సవరించినపుడు పేరులోని "చికిత్స" అనే మాటను తొలగించారు. చికిత్స అని పిలువదగినది ఇంకా రాలేదని చెప్పడమే దాని ఉద్దేశం. 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు జరిపే మూలుగ మార్పిడి వంటి అంగీకృత విధానాలు తప్ప, మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ పరీక్షలలోనే వాడాలి. మధుమేహం అంగీకృత జాబితాలో లేదు. మూలకణాలు దేశంలో నిజంగా మేలు చేసిన చోట్లు లేకపోలేదు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ కంటి నల్లగ్రుడ్డు అంచున ఉండే మూలకణాల మార్పిడితో, రసాయనాలు పడి చూపు పోయిన వారికి తిరిగి చూపు తెప్పించడంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అయితే కంటిలో ఫలించిన కణం క్లోమంలో కూడా ఫలిస్తుందనడానికి ఆధారం లేదు.

వాణిజ్య ప్రకటనలలో మధుమేహానికి ఇస్తామని చెప్పే కణాలు సాధారణంగా మూలుగ నుండి, కొవ్వు నుండి లేదా బొడ్డుతాడు నుండి తీసిన మీసెంకైమ్ కణాలు. ఇవి సహజంగా ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవు. సిరలోకి ఎక్కించినంత మాత్రాన ఇవి బీటా కణాలుగా మారవు, చాలా భాగం ఊపిరితిత్తుల వద్దనే చిక్కుకుంటాయి. రక్షణ వ్యవస్థను శాంతింపజేసే గుణం వీటికి ఉన్నదేమోనని నియమబద్ధమైన పరీక్షలు జరుగుతున్నాయి, అది వేరే విషయం. ఇటువంటి సూదులు నిరపాయకరమని చెప్పడం కూడా నిజం కాదు. పక్షవాతానికి మూడు దేశాలలో మూలకణాల సూదులు వేయించుకున్న ఒక వ్యక్తి వెన్నుపాములో పరాయి కణాల గడ్డ పెరిగిన ఉదంతం 2016లో వైద్యపత్రికలలో ప్రచురితమైంది.

కుటుంబాలు మోసపోవడానికి వ్యాధి స్వభావమే కొంత కారణం. మొదటి రకపు మధుమేహం బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, అలసి ఉన్న మిగిలిన బీటా కణాలు కొంత తేరుకుంటాయి. ఇన్సులిన్ అవసరం సగానికో, ఇంకా క్రిందికో పడిపోతుంది. కొందరు పిల్లలలో కొన్ని వారాలు దాదాపు అక్కరలేకుండా పోతుంది. వైద్యులు దీనిని హనీమూన్ దశ అంటారు. ఇది కొన్ని నెలలు, అరుదుగా సంవత్సరానికి పైగా నిలిచి ముగుస్తుంది. తల్లిదండ్రులు దిక్కుతోచక తిరిగే కాలమూ ఇదే. ఆ నెలలలో ఏ సూది వేయించినా, ఏ వేరు నూరి పోసినా, ఏ మొక్కు మొక్కినా ఫలించినట్లే కనిపిస్తుంది. నియంత్రణ సమూహం లేని ఏ పరీక్షనూ ఈ వ్యాధిలో నమ్మకపోవడానికి కారణం ఇదే. ఆ దశను నయమైనట్లుగా భావించి ఇన్సులిన్ పూర్తిగా మానిపిస్తే, అది ముగిసిన తరువాత కీటోన్ ఆమ్లాలు రక్తంలో పేరుకుపోతాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగతతో మొదలై ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు.

దేశంలో జరిగే క్లినికల్ పరీక్షలను 2009 నుండి భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ జాబితాను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పరీక్షలో ఉన్న చికిత్సకు రోగి నుండి లక్షలు వసూలు చేయడం పరిశోధన పద్ధతి కాదు. కణాలు పనిచేస్తున్నాయని ఎవరైనా చెప్పినపుడు దానిని నిర్ధారించగలది సి-పెప్టైడ్ పరీక్ష. చికిత్సకు ముందు, తరువాత, భోజనం చేసిన పిమ్మట తీసిన రక్తంలో దాని కొలతలను పోల్చి చూస్తారు. హనీమూన్ దశ వలన పొరపాటు పడకుండా ఆ కొలతను నెలల తరబడి కొనసాగిస్తారు.